ఎలనీరు చంపలేదు

మా ఆయన్ని ఎలనీరు చంపలేదు. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మిగతాది చెబుతాను. ఎందుకంటే మిగతాది వినే ఓపిక ఎవరికీ లేదు. "పావం, ఎలనీరు తాగి పోయినాడంట" అని తలాడించి వెళ్ళిపోతారు. ఎలనీరంటే కొబ్బరిబోండం నీళ్ళు. పుదుచ్చేరిలో తెలుగిళ్ళల్లో కూడా ఆ తమిళ మాటే వాడతాం. ముదలియార్‌పేటలో మా వీధిలోనూ, బంధువుల్లోనూ, ఆఖరికి ఆయన నాలుగేళ్ళు డయాలసిస్ చేయించుకున్న సెంటర్లోనూ ఇదే కథ స్థిరపడిపోయింది. ఆ నీళ్ళు తాగించింది మా వదిన, అంటే ఆయన అక్క. కాబట్టి ఆయన్ని చంపింది మా వదిన. కథ కంచికి, మనం ఇంటికి.

నాకు ఒళ్ళు మండుతుంది. ఇది రాస్తున్నది కూడా ఆ మంటతోనే. మా అత్తవారింట్లో తెలుగు మాట్లాడతారు గానీ రాయడం, చదవడం ఎవరికీ రాదు. నెల్లూరు వైపు నుంచి కోడలిగా వచ్చిన నాకొక్కదానికే వచ్చు. ఇన్నేళ్ళూ అది ఎందుకూ పనికిరాలేదు.

ఆయనది నట్లు, బోల్టులు అమ్మే కొట్టు. రెండు కిడ్నీలూ పాడయ్యాక కూడా కొట్టు మూయలేదు. మంగళ, గురు, శనివారాలు మాత్రం సెంటర్‌కు పోవాలి. నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకుంటే అది ఒంట్లో రక్తాన్ని కొంచెం కొంచెంగా బయటికి లాగి, కడిగి, మళ్ళీ లోపలికి పంపుతుంది. మనకు మూత్రంలో పోయేదంతా ఆయనకు అక్కడ పోవాలి. ఒక రోజు తప్పితే కాళ్ళకు నీరొస్తుంది. ఇంకొకటి తప్పితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. పండ్లల్లో, కూరగాయల్లో ఉండే ఒక రకం ఉప్పు రక్తంలో పేరుకుని గుండెను పట్టేస్తుంది. నాలుక మీద తెలిసే ఉప్పు కాదది. దానికి డాక్టర్లు పొటాషియం అని పేరు పెట్టారు, మన ఇళ్ళల్లో దానికి పేరే లేదు.

పొద్దున్నే ముప్పావు లీటరు సీసా నింపి బల్ల మీద పెట్టేదాన్ని. ఆ రోజంతటికీ ఆయనకు అవే నీళ్ళు. కాఫీ తాగితే అన్ని నీళ్ళు సీసాలోంచి వంచి కరివేపాకు మొక్కకు పోసేదాన్ని. మజ్జిగకూ, చారుకూ అంతే. ఆయన ఆ మొక్కను చూసి, "నా నీళ్ళు తాగి ఎట్ల బలిసిందో చూడే దొంగముండ" అని తిట్టేవాడు. మా ఇంటికి వచ్చిపోయే వాళ్ళందరికీ ఆ సీసా తెలుసు. సీసా దాటకూడదని తెలుసు. వదినకూ తెలుసు.

తుఫాను వస్తుందని టీవీలో నాలుగు రోజుల ముందు నుంచే మొత్తుకున్నారు. శనివారం తీరం దాటుతుందన్నారు. గురువారం ఆయన మిషన్ మీద ఉండగా నేను మేనేజరు బల్ల ముందు నిలబడి అడిగాను. "శనివారం కుదిరేట్టు లేదు. రేపు శుక్రవారమే ఇంకోసారి చేసేయండి. రెండు గంటలైనా చాలు." అతను కంప్యూటర్ లోంచి తలెత్తకుండా తమిళంలో చెప్పాడు. "రేపు వేరే బ్యాచ్ అమ్మా. శనివారం మామూలుగా రండి. సెలవైతే మేమే ఫోన్ చేస్తాం."

"మీ జనరేటర్ కింద మెట్ల పక్కన ఉంది. పోయినేడు వానకే అందులోకి నీళ్ళొచ్చాయి కదా" అన్నాను. అన్నీ చూసుకుంటున్నాం అన్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

జాలర్లు పడవలు గట్టుకు లాగేశారు. బడులకు సెలవిచ్చేశారు. రేషన్ కొట్టువాడు కూడా బియ్యం బస్తాలు బల్లల మీదికి ఎక్కించుకున్నాడు. బియ్యానికున్న యోగం మిషన్ మీద బతికే మనుషులకు లేకపోయింది. ఏ రోజు ఎవరికి మిషన్ కావాలో సెంటర్ గోడ మీద బోర్డు రాసి ఉంటుంది. ఆ బోర్డు చూసి ముందు రోజే అందరికీ తలా రెండు గంటలు చేసి పంపడానికి పెద్ద చదువు అక్కర్లేదు. గాలీ వానా రాకముందు నాలుగు రోజులు చేతిలో ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ ఎవడి నిద్ర వాడు పోయాడు.

శుక్రవారం సాయంత్రం వదిన సంచి పట్టుకుని దిగింది. ఆమెది అరియాంకుప్పంలో ఏటి ఒడ్డున పెంకుటిల్లు. నీళ్ళు పెరిగితే మొదట మునిగేది అదే. తల్లి పోయినప్పుడు ఆయనకు మూడేళ్ళు, ఆమెకు పన్నెండు. తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. మాకు పిల్లలు లేరు గనక, ఆయనకు నలభై తొమ్మిదేళ్ళొచ్చినా ఆమెకు ఇంకా ఆయనే పిల్లాడు. వచ్చీ రాగానే ఆయన కాళ్ళు నొక్కి చూసి, "ఏంది రా, ఇట్ల పొంగి ఉండాయి?" అంది.

శనివారం సెంటర్ నుంచి ఫోన్ రాలేదు. మేం చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం మూడింటికి టెక్నీషియన్ తన సొంత సెల్ నుంచి, "మూసేసి పొయ్యారక్కా, సోమవారం చూద్దాం" అన్నాడు. వాడు మంచివాడు, వాడి చేతిలో ఏమీ లేదు. ఆ రోజు గాలి, మర్నాడు పొద్దుటికి మా వీధిలో మోకాటి లోతు నీళ్ళు. కరెంటు లేదు. ఆదివారం ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆ నీళ్ళను చూస్తూ, "ఊరంతటికీ ఇంతింత పోసినాడు దేవుడు, నాకు మాత్రం ముప్పావు లీటర్" అని నవ్వాడు. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది.

సోమవారం కూడా సెంటర్ తెరవలేదు. జనరేటర్ మునిగిపోయిందట. నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటులోకి బురద పోయిందట. అప్పుడు నేను ఇతర ఆస్పత్రులకు ఫోన్లు మొదలుపెట్టాను. ఒకచోట చేస్తామన్నారు, కానీ ఆయన పాత ఫైలు, కామెర్ల పరీక్ష కాగితాలు తెమ్మన్నారు. అవి లేకుండా కొత్త మనిషిని మిషన్ మీద వేస్తే పక్కవాళ్ళకు జబ్బు అంటుకునే ప్రమాదం ఉంది. వాళ్ళ మాట న్యాయమే. ఆ కాగితాలు మా సెంటర్లో ఉన్నాయి. మేనేజరు గదికి తాళం. తాళంచెవి మేనేజరు దగ్గర. మేనేజరు తుఫానుకు భయపడి పెళ్ళాం పుట్టింటికి పోయి కూర్చున్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఆ సామెత చిన్నప్పటి నుంచీ వింటున్నాను, అర్థం ఆ రోజు తెలిసింది.

సోమవారం ఆయన పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరాడదు. గోడకు దిండు పెట్టి కూర్చోబెట్టాం. మంగళవారం తెల్లారగానే నేను చీర ఎత్తికట్టుకుని బయల్దేరాను. పోయేముందు వదినకు గబగబా చెప్పాను. "కుళాయి నీళ్ళు బురదగా ఉండాయి, ఇవ్వొద్దు. వరదకని పంచుతా ఉండే పొట్లాల్లో టమాటా అన్నం, అరటిపండు ఉంటాయి, తినిపించొద్దు. సీసాలో నిన్న కాచిన నీళ్ళు ఉండాయి, ఆయాసపడతా ఉంటే ఒక్క గుక్క." అంతే చెప్పాను. ఎలనీరు పేరెత్తలేదు. ఆయన తినకూడనివన్నీ నేనే ఇంగ్లీషులో రాసి ఫ్రిజ్‌కు అంటించాను, అందులో అది మూడో పేరు. వదినకు ఇంగ్లీషు రాదు. అప్పుడు నాకు అది తోచలేదు. మేనేజరు గది తాళం తప్ప ఆ పొద్దు నా బుర్రలో ఇంకేమీ లేదు.

నీళ్ళల్లో నడిచి సెంటర్‌కు చేరేసరికి ఎనిమిది దాటింది. వాచ్‌మన్ ఒక ముసలాయన, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తాళంచెవి లేదన్నాడు. నేను కూలిన ప్రహరీలోంచి ఒక ఇటుక తెచ్చాను. ఆయన నన్నూ ఇటుకనూ చూసి, "నేను టీ తాగి వస్తానమ్మా" అని కిందికి దిగిపోయాడు. ఆ చుట్టుపక్కల ఎక్కడా టీ కొట్టు తెరిచి లేదు. ఎనిమిది దెబ్బలకు తాళం ఊడింది. ఫైలు చంకలో పెట్టుకుని, దొరికిన పాల వ్యానెక్కి, చేస్తామన్న ఆ రెండో ఆస్పత్రికి పోయాను. అక్కడ మా సెంటర్ మొహాలే సగం ఉన్నాయి. ఒకరి మీద ఒకరు వాలి కూర్చుని ఉన్నారు. నర్సు ఫైలంతా చూసి, మధ్యాహ్నం మూడింటికి తీసుకురండి అంది. ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆ వ్యాన్ అబ్బాయినే బతిమాలి, మూడింటికి ఆయన్ని ఎక్కించుకుపోవడానికి ఒప్పించి, ఒంటిగంటకు ఇంటికొచ్చాను. గెలిచాననుకున్నాను.

అరుగు మీద మూడు బోండాలు, నెత్తి చెక్కి ఉన్నాయి. పక్కింటివాళ్ళ చెట్టు గాలికి విరిగి మా గోడ మీద పడింది, దాని గెల అందేంత ఎత్తులో ఉంది. వదిన వాళ్ళతో కొట్టించింది. నన్ను చూడగానే సంతోషంగా ఎదురొచ్చింది. "సీసా తాకనీలేదే, చూడు, నిండుగా అట్లే ఉండాది. నాలుక పిడచ కట్టిపోయింది, పావం. బురద సోకనిది ఎలనీరు ఒకటే గదా. అందులో ఉప్పు గూడా లేదు. పసిపాపకైనా ఇస్తారు గదే."

ఈ తీరాన పుట్టినవాళ్ళకు ఎలనీరు మందు. ఎండదెబ్బకు, అమ్మవారు పోసినప్పుడు, వాంతులకు, నీరసానికి, అన్నిటికీ అదే. సీసా నియమం ఆమె తప్పలేదు. నీళ్ళు ఇవ్వొద్దంటే ఇవ్వలేదు. ఉప్పు వద్దని మేం నాలుగేళ్ళుగా అంటున్నాం గనక ఉప్పు లేనిదే ఇచ్చింది. మన ఇళ్ళల్లో పేరు లేని ఆ రెండో ఉప్పు ఎలనీటి నిండా ఉంటుందని ఆమెకు తెలియదు. చెప్పినదంతా చెప్పినట్టే చేసింది.

ఇప్పుడు ఇంత చక్కగా రాస్తున్నాను. ఆ నిమిషంలో నేనేం చేశానో తెలుసా? వీధిలో నలుగురూ వినేట్టు అరిచాను. "చంపేస్తివి గదా వదినా! చేతులారా చంపేస్తివి గదా!" ఆమె చేతిలో లోటా ఉంది. అది అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. లోపల్నుంచి ఆయన అన్నాడు. "ఆమెనేమనొద్దే. నేనే అడిగినాను." తర్వాత కాళ్ళు దూదిలాగా ఉన్నాయన్నాడు. లేవబోయి లేవలేకపోయాడు.

వ్యాన్‌లో పాలడబ్బాల మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. ఆస్పత్రిలో గుండె గీతలు తీసిన డాక్టరమ్మ మొహం మారిపోయింది. సూదిమందులు వేశారు. మిషన్ సిద్ధం చేస్తున్నారు. "ఈ పూట ఏం తిన్నారు, ఏం తాగారు?" అని అడిగింది. అడగాలి, అది ఆమె పని. ఎలనీరు, మూడు బోండాలు అని చెప్పాను. రాసుకుంది. గొట్టాలు తగిలించిన పావుగంటకు ఆయన గుండె ఆగిపోయింది. వాళ్ళు చాలాసేపు పెనుగులాడారు. ఆ మనుషుల మీద నాకు కోపం లేదు.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో ఆయన కొట్లో నాకు తెలియకుండా రెండు మామిడిపండ్లు తిన్నాడు. మర్నాడు మిషన్ మీద ఉండగా రక్తపరీక్షలో బయటపడింది. టెక్నీషియన్ తిట్టాడు, నేను తిట్టాను, ఆయన చొక్కాకు అంటిన రసం మరక చూపించి నవ్వాడు. మిషన్ కడిగేసింది, ఇంటికొచ్చాం. అందుకే చెబుతున్నాను. మిషన్ తిరిగి ఉంటే మూడు బోండాలకు తిట్లు తిని ఊరుకునేవాడు. ఐదు రోజుల విషం ఒంట్లో నిండి ఉన్న మనిషిని ఆ నీళ్ళు కొంచెం తోశాయేమో. అంచు దాకా మోసుకెళ్ళి నిలబెట్టింది ఎవరు?

తర్వాత వారం, నీళ్ళు దిగాక, ప్రభుత్వం తరఫున ఒకాయన కాగితాల అట్ట పట్టుకుని మా వీధికొచ్చాడు. గోడలు కూలాయా, మేకలు పోయాయా, మనుషులెవరైనా పోయారా అని అడిగాడు. మా ఆయన పోయారన్నాను. పెన్ను తెరిచాడు. "నీళ్ళల్లో పడ్డారా? కరెంటు కొట్టిందా? గోడ కూలిందా?" ఇవేమీ కాదు, డయాలసిస్ దొరక్క అన్నాను. పెన్ను మూశాడు. "అది రోగం లెక్కలోకి వస్తుందమ్మా, తుఫాను కాదు" అని చెప్పి, ఫ్రిజ్ ఏమైనా పాడైందా అని అడిగాడు. నేను ఏమన్నానో రాయను. పక్కింటావిడ నన్ను లోపలికి లాక్కుపోయింది.

సెంటర్ తెరిచారని తెలిసి అక్కడికీ పోయాను. కొత్త తాళం వేసుకున్నారు. మేనేజరు అత్తారింటి భోజనంతో నున్నగా ఉన్నాడు. అరుస్తూ ఆ రెండో ఆస్పత్రి ఇచ్చిన కాగితం అతని బల్ల మీద విసిరాను. అతను నిదానంగా చదివాడు. ఒక వరస దగ్గర వేలు పెట్టాడు. "చూడండమ్మా, రాసే ఉంది. ఎలనీరు తాగించారు. ఆహార నియమం మీరే పాటించకపోతే మేమేం చేస్తాం?" ఆడలేక మద్దెల ఓడన్నట్టు! నేను నిజం చెప్పినందుకు ఆ ఒక్క మాటా పట్టుకున్నాడు. శనివారం, ఆదివారం, సోమవారం ఆ కాగితంలో ఎక్కడా లేవు. ఎవరూ అడగలేదు గనక నేను చెప్పలేదు, నేను చెప్పలేదు గనక ఎవరూ రాయలేదు. గోడ మీద బోర్డులో ఆయన పేరు తుడిచేసి అప్పటికే ఇంకొకరి పేరు రాశారు.

ఆ వేలు బంధువుల దాకా వచ్చింది. పదకొండో రోజున వదిన కాఫీ అందిస్తే ఒకావిడ తీసుకోలేదు. "ఆమె చేతి నీళ్ళు ఇప్పటికే ఒకరు తాగినారు లే" అని పక్కామెతో అంది. నేను విన్నాను. ఊరందరి మీదా అరిచిన నోరు అప్పుడు పెగల్లేదు. ఎందుకంటే ఆ మాట మొదట వీధిలో నిలబడి అన్నది నేను. ఆ సాయంత్రమే వదిన సంచి తీసుకుని అరియాంకుప్పం వెళ్ళిపోయింది. ఇంట్లో బురద ఇంకా ఆరలేదని తెలిసీ వెళ్ళిపోయింది.

నెలన్నర తర్వాత ఒక పొద్దున బస్సు దిగి వచ్చింది. సగానికి చిక్కిపోయి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆ కాగితం తియ్యి" అంది. ఎందుకు వదినా అంటే, "ఎలనీరు అని యాడ రాసుండాదో నాకు చూపించు. అందరూ రాసుండాది రాసుండాది అంటా ఉండారు. నేను చూడల్ల" అంది.

తీసి చూపించాను. ఇంగ్లీషులో ఉన్న ఆ వరస మీద ఆమె వేలు పట్టి పెట్టాను. వేలు ఆ కొస నుంచి ఈ కొసకు జరిపింది. "ఇంతేనా" అంది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. అక్షరాలు తెలియని మనిషి అంతసేపు ఏం చూసిందో నాకు తెలియదు.

అప్పుడు చెప్పేశాను. ఎవరికీ చెప్పనిది, నాకు నేను కూడా గట్టిగా చెప్పుకోనిది. "వదినా, ఆ పొద్దు నేను నీకు నీళ్ళు వద్దన్నాను, అరటిపండు వద్దన్నాను. ఎలనీరు పేరు చెప్పకుండా పోయినాను. మరిచిపోయినాను. అది ఇస్తే ప్రాణం మీదికొస్తుందని నాకు తెలుసు. నీకు తెలియదు."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను ఆమెను వీధిలో నిలబెట్టి అన్న మాట ఇప్పుడు నన్ను తిరిగి అనొచ్చు. అనాలనే కాచుకుని నిలబడ్డాను. అంటే బాగుండునని కూడా అనిపించింది.

వదిన కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "ఆ తొందరలో నీకు మాత్రం ఎట్ల గుర్తుంటుందే, పావం" అంది.

ఆ మాట ఆ రోజు అరుగు మీద నేను ఆమెతో అనాల్సింది.